కాలనీ జ్వరాల సర్వే: జ్వరాలు తగ్గాయా, ఫారం నింపేవాళ్లు తగ్గారా?

వడ్డేపల్లి_గట్టు
మా కాలనీ సంఘం వాళ్లు వానలు మొదలైనప్పటి నుంచి ప్రతి ఆదివారం వాట్సాప్ గ్రూపులో ఒక గూగుల్ ఫారం పెడుతున్నారు. ఈ వారం మీ ఇంట్లో ఎవరికైనా జ్వరం వచ్చిందా, ఎన్ని రోజులు ఉంది, డెంగీ పరీక్ష చేయించారా అని మూడు ప్రశ్నలు. మంచి పనే కదా అని ఆ లెక్కలు ఎక్సెల్‌లో ఎక్కించే బాధ్యత నేనే తీసుకున్నా.

మొదటి వారం దాదాపు సగం ఇళ్లవాళ్లు నింపారు. తర్వాత తగ్గుతూ తగ్గుతూ మొన్నటికి ఐదో వంతు ఇళ్లు కూడా లేవు. దాంతో జ్వరాల సంఖ్యా పడిపోయింది. నిన్న మీటింగులో ఆ గ్రాఫ్ చూపించి, "జ్వరాలు తగ్గుముఖం పట్టాయి, ఇక కార్పొరేషన్ వాళ్ల వెంట పడాల్సిన పని లేదు" అని తేల్చేశారు. నాకు మింగుడుపడలేదు. మా వెనక వీధిలో వరుసగా మూడిళ్లలో పిల్లలు జ్వరంతో పడుకుని ఉన్నారు. ఆ మూడిళ్లలో ఒక్కరూ ఫారం నింపలేదు.

ఎవరికి వాళ్లు చెప్పుకునే ఇలాంటి సర్వేతో జ్వరాలు పెరుగుతున్నాయో తగ్గుతున్నాయో తెలుసుకోవడం అసలు సాధ్యమేనా? సాధ్యమైతే ఎలా అడగాలి? తెలిసినవాళ్లు చెప్పండి. వచ్చే ఆదివారం లోపు ఏదో ఒకటి చేయాలి.

మిర్చియార్డు
మా సంఘంలో బోనాల చందా లెక్క పెట్టినా నలుగురే చూస్తారు. మీ దగ్గర సగం ఇళ్లు ఫారం నింపాయంటే ముందు మీ కాలనీకి దండం పెట్టాలి.

కాజీపేట_షెడ్డు
ఈ ఫారాలతో ఒరిగేదేమీ లేదు. ఒళ్లు వెచ్చబడిందని ఎవరో చెప్తే అది డెంగీయా, మామూలు వైరల్ జ్వరమా, మలేరియానా ఎట్లా తెలుస్తుంది? రక్త పరీక్షే లెక్క. ఎన్ని పాజిటివ్‌లు వచ్చాయో చూడండి, మిగతాది వదిలేయండి.

కరోనా అప్పుడు ఆరోగ్య సేతు అనే ప్రభుత్వ ఆప్ గుర్తుందా? 2020 ఏప్రిల్‌లో వచ్చింది. దగ్గు ఉందా, జ్వరం ఉందా అని అడిగేది. గేటు దగ్గర ఆకుపచ్చ చూపిస్తేనే లోపలికి పంపుతామంటే ఎవరైనా ఏం నొక్కుతారు? దగ్గుకుంటూనే "ఏ లక్షణాలూ లేవు" అని నొక్కి లోపలికి వచ్చినవాళ్లను నా కళ్లతో చూశా.

లెక్కల_పంతులు
గట్టు గారూ, ముందు ఒక చిన్న పని చేయండి. జ్వరం ఉన్న ఇళ్ల సంఖ్య ఒక్కటే కాకుండా, ఆ వారం ఫారం నింపిన మొత్తం ఇళ్లు ఎన్నో పక్కనే రాయండి. మొదటి దాన్ని రెండోదానితో భాగించండి. మీటింగులో చూపించిన గ్రాఫులో ఈ రెండో అంకె లేదని నా అనుమానం.

వడ్డేపల్లి_గట్టు
పంతులు గారూ, ఇప్పుడే చేశా. తలకిందులైంది! సంఖ్య తగ్గింది కానీ నిష్పత్తి వారం వారం పెరుగుతోంది. మొన్నటి వారం నింపినవాళ్లలో సగానికి పైగా ఇళ్లలో జ్వరం ఉంది. అంటే కాలనీలో సగం ఇళ్లు జ్వరంతో ఉన్నాయా? ఇప్పుడే గ్రూపులో పెట్టనా?

లెక్కల_పంతులు
ఆగండి, పెట్టకండి. అదీ నిజం కాదు. మొదటి వారం కొత్త కాబట్టి జ్వరం ఉన్నవాళ్లూ లేనివాళ్లూ నింపారు. మూడో వారానికి వచ్చేసరికి ఏమీ లేనివాళ్లు "మాకేం లేదు కదా, నింపడమెందుకు" అని మానేశారు. మిగిలింది జ్వరం ఉన్నవాళ్లు, భయపడుతున్నవాళ్లు. సంఖ్య చూస్తే తగ్గినట్టు, నిష్పత్తి చూస్తే పెరిగినట్టు కనిపించడానికి కారణం ఇదే. రెండు గ్రాఫులూ చూపిస్తున్నది ఎవరు జవాబిస్తున్నారనే. కాలనీలో జ్వరం ఎంతుందో వాటిలో లేదు.

జ్వరం లేని ఇల్లు "లేదు" అని చెప్పడం ఉందే, మీకు కావలసిన అసలు సమాచారం అదే. ప్రతి వారం అవే ఇళ్లు, ఉన్నా లేకపోయినా జవాబివ్వాలి. అప్పుడే పెరిగింది, తగ్గింది అనే మాటకు అర్థం.

లండన్_ఓరుగల్లు
ఇక్కడ కరోనా టైంలో సరిగ్గా ఇలాంటిదే చూశాను. 2020 మార్చిలో కింగ్స్ కాలేజీ వాళ్లు, జో అనే కంపెనీ కలిసి ఒక ఆప్ తెచ్చారు. రోజూ తెరిచి "మామూలుగానే ఉన్నాను" అని ఒక్క బటన్ నొక్కితే చాలు. బాగా లేకపోతేనే మిగతా ప్రశ్నలు వచ్చేవి. 40 లక్షల మందికి పైగా చేరారు. పంతులు గారు చెప్పిన "లేదు" జవాబును అంత తేలిక చేశారు కాబట్టే జనం నిలబడ్డారు.

షెడ్డు అన్నకు ఒక మాట. వాసన పోవడం కరోనా లక్షణమని గట్టిగా తేల్చినవాటిలో ఆ ఆప్ ఒకటి. పరీక్షలో పాజిటివ్ వచ్చినవాళ్లలో దాదాపు 65 శాతం మంది వాసన తెలియడం లేదన్నారు. నెగెటివ్ వచ్చినవాళ్లలో అలా చెప్పింది 22 శాతం దాకానే. బ్రిటన్ ప్రభుత్వం దాన్ని అధికారిక లక్షణాల్లో చేర్చింది 2020 మే 18న. జనం అంతకు ఎన్నో వారాల ముందు నుంచే ఆప్‌లో చెబుతున్నారు. పరీక్షలు దొరకని రోజుల్లో జనం నోటిమాటే ముందు దారి చూపించింది.

కాజీపేట_షెడ్డు
వాసన పోవడం కొత్త లక్షణం కాబట్టి పట్టేశారు. డెంగీకి అట్లాంటిది ఏముంది? జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులు. వానాకాలం ఎవరికి లేవు?

కేఎంసీ_జూనియర్
ఒక్క లక్షణంతో డెంగీ అని చెప్పలేమన్న మాటలో షెడ్డు అన్న కరెక్టే. కానీ "రక్త పరీక్షే లెక్క" అన్నదాంట్లోనూ చిక్కులున్నాయి. ఎన్‌ఎస్1 అనే పరీక్ష వైరస్ ముక్కను వెతుకుతుంది, అది మొదటి 5 రోజుల్లో బాగా పట్టిస్తుంది. ఐజీఎం, అంటే వైరస్ మీద ఒళ్లు తయారుచేసుకునే యాంటీబాడీ, ఆ తర్వాతే పైకి వస్తుంది. మూడో రోజు ఐజీఎం మాత్రమే చేయించుకుని నెగెటివ్ రాగానే "డెంగీ కాదట" అని ఇంటికి వెళ్లినవాళ్లు ఎందరో. ఇక అధికారిక లెక్కల్లో డెంగీ అని నిర్ధారించాలంటే ల్యాబులో చేసే ఎలైజా పరీక్ష కావాలి. ప్రైవేటులో చేసే కార్డు టెస్టు పాజిటివ్ వచ్చినా అది అనుమానిత కేసుగానే ఉంటుంది. ఇవన్నీ దాటి అంకె బయటికి వచ్చేసరికి దోమ ఇంకో నాలుగు ఇళ్లు తిరిగి ఉంటుంది.

లక్షణాలతో లెక్కపెట్టడం కొత్తదేమీ కాదు. 2004లో మొదలైన ఐడీఎస్‌పీ, అంటే దేశమంతా రోగాల మీద కన్నేసి ఉంచే కార్యక్రమం, మూడు ఫారాలతో నడిచింది. ఎస్ ఫారం కింది స్థాయి ఆరోగ్య కార్యకర్తలు లక్షణాలను బట్టి నింపేది, పీ ఫారం డాక్టరు అనుమానాన్ని బట్టి, ఎల్ ఫారం ల్యాబ్ ఫలితాన్ని బట్టి. మొదటి హెచ్చరిక ఎస్ ఫారం నుంచే రావాలని దాని ఉద్దేశం. ఒక ఊళ్లో ఒకే వారం జ్వరాలు ఒక్కసారిగా పెరిగితే అది ఏ జ్వరమో తేలకముందే మనిషిని పంపొచ్చు.

జనగామ_పోరడు
పరీక్షల లెక్క ఎంత తక్కువ చూపిస్తుందో మా జిల్లాను చూస్తే తెలుస్తుంది. కరోనా టైంలో ఐసీఎంఆర్, ఎన్‌ఐఎన్ అనే కేంద్ర వైద్య పరిశోధన సంస్థల వాళ్లు జనగామ, కామారెడ్డి, నల్లగొండ జిల్లాల్లో కొన్ని ఊళ్లు ఎంచుకుని, లక్షణాలతో పని లేకుండా జనం రక్తం తీసి కరోనా సోకితే తయారయ్యే యాంటీబాడీలు చూశారు. 2020 మేలో 0.33 శాతం మందిలో ఉన్నాయి. ఆగస్టుకు 12.2, డిసెంబరుకు 24.1, 2021 జూన్ నాటికి 60.1 శాతం. అంటే ప్రతి 10 మందిలో ఆరుగురు. రోజూ బులెటిన్‌లో వచ్చిన పాజిటివ్‌ల లెక్క దీని దరిదాపుల్లో కూడా లేదు. పరీక్ష కేంద్రం దాకా పోయినవాళ్లే అందులో కనబడ్డారు, మా తాత లాంటివాళ్లు మంచం దిగకుండానే తగ్గించుకున్నారు.

లెక్కల_పంతులు
జనగామ తమ్ముడు చెప్పింది బంగారం లాంటి ఉదాహరణ. వాళ్లు "ఎవరికైనా కరోనా వచ్చిందా, వచ్చి చెప్పండి" అని అడగలేదు. వాళ్లే ఊళ్లు ఎంచుకుని ఇళ్లకు పోయారు. అదీ తేడా.

ఎక్కువమంది నింపితే తప్పు దానంతటదే సర్దుకుంటుందని చాలామంది నమ్మకం. అది పొరపాటని చెప్పే పెద్ద ఉదాహరణ 2021లో అమెరికాలో దొరికింది. ఫేస్‌బుక్ ద్వారా వారానికి దాదాపు 2,50,000 మందిని అడిగిన సర్వే, టీకా వేయించుకున్నవాళ్ల శాతాన్ని ఆ ఏడాది మేలో అసలు కంటే 17 శాతం పాయింట్లు ఎక్కువ చూపించింది. అదే సమయంలో వెయ్యి మందిని మాత్రమే, కానీ జాగ్రత్తగా ఎంచుకుని అడిగిన ఇంకో సర్వే అసలు సంఖ్యకు చాలా దగ్గరగా వచ్చింది. ఆ రెండున్నర లక్షల జవాబులు కలిపి లాటరీ తీసి 10 మందిని అడిగినదానితో సమానమని లెక్కగట్టి నేచర్ పత్రికలో రాశారు. 10 మంది!

మిర్చియార్డు
పంతులు గారూ, అంటే మా ఇంటి అరుగు మీద కూర్చునే పది మందిని అడిగినా సరిపోయేదా 😄

లెక్కల_పంతులు
అరుగు మీదివాళ్లు కాదు తమ్మీ, లాటరీలో వచ్చినవాళ్లు. మీ అరుగు మీద కూర్చునేవాళ్లందరూ ఒకే టీ కొట్టు బాపతు!

లండన్_ఓరుగల్లు
పంతులు గారూ, ఆ ఫేస్‌బుక్ సర్వేను పూర్తిగా తీసేయకండి. శాతం తప్పింది, నిజమే. కానీ ఈ వారం గత వారం కంటే పెరిగిందా తగ్గిందా అని చూడటానికే దాన్ని పెట్టామని నడిపినవాళ్లు మొదటి నుంచీ చెప్పారు. త్రాసులో రాయి ఎప్పుడూ ఒకేలా తప్పుంటే బరువు తప్పొచ్చు, నిన్నటికంటే ఈరోజు ఎక్కువా తక్కువా అనేది తెలుస్తుంది కదా.

లెక్కల_పంతులు
ఆ తప్పు వారం వారం మారకుండా ఉంటేనే. గట్టు గారి కాలనీలో జరిగిందే అది, తప్పే మారిపోయింది. మీ జో ఆప్‌కూ ఆ దెబ్బ తగిలింది కదా? 2021 జూలైలో లెక్కించే పద్ధతి మార్చుకున్నారు.

లండన్_ఓరుగల్లు
అవును. ఆప్ వాడేవాళ్లలో దాదాపు అందరూ టీకా వేయించుకున్నారు. వేయించుకోనివాళ్లు బాగా తగ్గిపోయేసరికి వాళ్లలో ఏం జరుగుతోందో ఆప్‌కు అందలేదు, దాంతో లెక్క మార్చాల్సి వచ్చింది. అదే సమయంలో ఇక్కడి గణాంకాల శాఖ వాళ్లు వేరే సర్వే నడిపారు. యాదృచ్ఛికంగా ఎంచుకున్న ఇళ్లకు వెళ్లి, జలుబు ఉన్నా లేకున్నా అందరి ముక్కులో స్వాబ్ తీసుకునేవారు. 2020 ఏప్రిల్ నుంచి 2023 మార్చి దాకా నడిచింది. ఖర్చు చాలా ఎక్కువ, కానీ ఆప్ చెప్పేది సరిగ్గా ఉందో లేదో పోల్చి చూసుకోవడానికి అదే ఆధారం. అందుకే నేను రెండూ కావాలంటాను. ఫారం వేగంగా చెప్తుంది, చిన్న నమూనా నిజం చెప్తుంది.

శివనగర్_అక్క
మీరంతా ఎక్కడెక్కడి లెక్కలో చెప్తున్నారు. జనం ఎందుకు నింపరో నేను చెప్తా, ఎందుకంటే మా గ్రూపులో నేనూ నింపను.

పోయినేడు మా లైన్లో ఒకామె పిల్లాడికి డెంగీ అని ఫారంలో రాసింది. ఆ ఫారం ఎవరు నింపారో పేరుతో సహా గ్రూపులో అందరికీ కనపడింది. మరునాడే ట్యూషన్ మేడం "వారం రోజులు పంపకండి" అంది. పనామె రావడం మానేసింది. కిరాయికి ఉన్నవాళ్లకైతే ఇంకా భయం, ఓనరు ఏమంటాడో అని. డెంగీ మనిషి నుంచి మనిషికి అంటదని చెప్పినా వింటారా? 2020లో పాజిటివ్ వచ్చిన ఇంటి ముందు కర్రలు కట్టి బోర్డు పెట్టిన రోజులు ఎవరూ మర్చిపోలేదు. చెప్తే నష్టం, చెప్పకపోతే ఏమీ కాదు. ఇంక ఎవరు చెప్తారు?

మెడికల్_షాప్_తమ్ముడు
అక్క చెప్పింది అక్షరాలా నిజం. 2020 ఏప్రిల్‌లో జ్వరం, దగ్గు మందులు కొన్నవాళ్ల పేరు, ఫోన్ నంబరు రాసుకోమని మెడికల్ షాపులకు ఆదేశాలు వచ్చాయి. రాయడం మొదలుపెట్టగానే కౌంటర్ దగ్గర సీన్ మారిపోయింది. "మా ఇంట్లో ఎవరికీ ఏం లేదు, ఊరికే దగ్గర ఉంచుకుందామని" అనేవాళ్లు. కొందరు ఒక అంకె తక్కువ నంబరు చెప్పి పోయేవాళ్లు.

నా అనుభవంలో జ్వరాలు పెరిగేది నాకు ముందు తెలుస్తుంది. పిల్లల పారాసిటమాల్ సిరప్, ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఒకేసారి కదలడం మొదలైతే పక్క వీధుల్లో ఏదో నడుస్తోందని అర్థం. గట్టు అన్నా, మీ కాలనీ దగ్గరి షాపులో అడిగి చూడండి. పేర్లు అక్కర్లేదు, వారానికి ఎన్ని సీసాలు పోయాయో చాలు.

లెక్కల_పంతులు
తమ్ముడూ, మంచి ఆలోచన. ఒక్క జాగ్రత్త. పేపర్లో "డెంగీతో విద్యార్థిని మృతి" అని వచ్చిన మరునాడు మీ షాపులో ఏమవుతుంది?

మెడికల్_షాప్_తమ్ముడు
బొప్పాయి ఆకు మాత్రలు ఖాళీ అవుతాయి 😀 సిరప్‌లూ లేస్తాయి, నిజమే. జ్వరం లేనివాళ్లు కూడా తీసుకుపోతారు.

లెక్కల_పంతులు
గూగుల్‌కూ ఇలాగే తగిలింది. జనం ఏం వెతుకుతున్నారో చూసి ఫ్లూ ఎంతుందో చెప్తామని 2008లో మొదలుపెట్టారు. 2009లో స్వైన్ ఫ్లూ మొదటి విడతను పట్టలేకపోయారు. 2012-13 చలికాలంలో అమెరికా ఆరోగ్య సంస్థ లెక్కకు రెట్టింపు పైగా చూపించారు. వార్తలు చూసి భయంతో వెతికినవాళ్లు కూడా రోగుల కింద జమ అయ్యారని చాలామంది విశ్లేషించారు. 2015లో ఆపేశారు.

నర్సంపేట_సిస్టర్
ఇరవై ఏళ్లకు పైగా ఏఎన్‌ఎంగా చేస్తున్నా. ఇంటింటి జ్వర సర్వేలు నా కాళ్లతో తిరిగి చేసినవే, కాబట్టి కాస్త వివరంగా చెప్తా.

2021 మేలో, మళ్లీ 2022 జనవరిలో రాష్ట్రమంతా ఫీవర్ సర్వే చేశాం. ఆశ, అంగన్‌వాడీ టీచరు, పంచాయతీ వాళ్లు, మేము. లక్షణాలుంటే పరీక్ష రిజల్టు కోసం ఆగకుండా మందుల కిట్టు అక్కడే చేతిలో పెట్టేవాళ్లం. దాని వల్ల ఒక మార్పు కళ్లారా చూశా. మొదటి రెండు రోజులు "మాకేం లేదు బిడ్డా" అని తలుపు సగమే తీసినవాళ్లు, పక్కింటికి కిట్టు ఇచ్చామని తెలిశాక వాళ్లే పిలిచి చెప్పారు. శివనగర్ అక్క అన్నదానికి ఇదే నా జవాబు. చెప్తే ఏదైనా మేలు ఉండాలి. ఉత్త లెక్క కోసం అడిగితే ఎవరూ చెప్పరు.

అడిగే తీరు కూడా ముఖ్యం. గుమ్మంలో నిలబడి "జ్వరం ఉందా" అంటే లేదనే వస్తుంది. నేను ముందు నీళ్ల డ్రమ్ము చూపించమంటా, కూలర్ ఎప్పుడు కడిగారు అంటా. మాటల్లో "ఈ వారం పనికి పోనిది ఎవరు, బడికి పోనిది ఎవరు" అని అడుగుతా. అప్పుడు వస్తుంది అసలు సంగతి, "చిన్నోడు మూడు రోజులు పోలేదు మేడం, ఒళ్లు కాలింది" అని. రోగం పేరు మాత్రం అడగొద్దు. ఊళ్లల్ల ఏ జ్వరం వచ్చినా ఆర్‌ఎంపీ ఒక టెస్టు చేసి టైఫాయిడ్ అంటాడు, వాళ్లు అదే చెప్తారు. ఎప్పుడు మొదలైంది, థర్మామీటర్ పెట్టి చూశారా, ఒంటి మీద మచ్చలు, కీళ్లనొప్పులు ఉన్నాయా, ఇవి అడగండి.

అన్నిటికంటే పెద్ద పొరపాటు తాళం వేసిన ఇల్లు. పత్తి కలుపు రోజుల్లో పొద్దున 10 దాటితే ఊరు ఖాళీ. తాళం ఉన్న ఇంటిని "జ్వరం లేదు" కింద రాస్తే మొత్తం సర్వే దండగ. పల్స్ పోలియోలో చూసే ఉంటారు, అయిపోయిన ఇంటి గోడ మీద పీ అని, మళ్లీ రావాల్సిన ఇంటి మీద ఎక్స్ అని చాక్‌పీసుతో రాస్తాం. సాయంత్రం ఎక్స్ ఇళ్లకే మళ్లీ పోతాం. గట్టు తమ్ముడూ, నీ ఫారంలో జవాబు రాని ఇల్లు అంటే ఎక్స్ ఇల్లు. ముందు అక్కడికి పోవాలి.

వడ్డేపల్లి_గట్టు
సిస్టర్, మీ పోస్టు ప్రింట్ తీసి మీటింగులో చదువుతా. నా ఎక్సెల్‌లో జవాబు రాని ఇళ్లన్నీ సున్నా కిందే కలిసిపోయి ఉన్నాయి.

కేఎంసీ_జూనియర్
సిస్టర్ పోస్టుకు ఒకటి కలుపుతా, ప్రాణం మీదికి వచ్చే సంగతి. డెంగీలో ప్రమాదం జ్వరం బాగా ఉన్నప్పటికంటే, మూడు నుంచి ఏడో రోజు మధ్య జ్వరం దిగిన తర్వాత 24 నుంచి 48 గంటల్లో ఎక్కువ. ఫారంలో "ఇప్పుడు జ్వరం ఉందా" అని అడిగితే సరిగ్గా ఆ రోజున ఆ ఇల్లు "తగ్గింది" అని జాబితాలోంచి పోతుంది. ఎవరూ ఫోన్ చేయరు.

అందుకే "గత 7 రోజుల్లో" అని అడగండి. జ్వరం తగ్గిందన్న ఇంటికి ఫోన్ చేసి కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లలో లేదా ముక్కులో రక్తం, మగత, మూత్రం తగ్గడం ఉన్నాయా అని అడగండి. ఒక్కటి ఉన్నా ఆలస్యం లేకుండా దవాఖానకు పంపాలి.

కాజీపేట_షెడ్డు
ఇది నాకు తెలియదు. మా అక్క కూతురికి అట్లాగే అయింది, జ్వరం తగ్గిందని బడికి పంపితే అక్కడ పడిపోయింది. ఐదు రోజులు దవాఖానలో ఉంచారు. ఇప్పుడు బాగుంది. ఈ ప్రశ్న ఒక్కటైనా ఉంటే ఫారం పెట్టొచ్చు.

ఏటూరునాగారం_టీచర్
ఇంకో గుంపును మర్చిపోతున్నారు. హన్మకొండలో నయీంనగర్, సుబేదారి చుట్టూ ఎన్ని హాస్టళ్లు! మా ఏజెన్సీ పిల్లలు వందల మంది అక్కడే చదువుతున్నారు. జ్వరం రాగానే హాస్టల్ వాళ్లు "ఇంటికి పోయి తగ్గాక రా" అని బస్సెక్కిస్తారు. హన్మకొండలో దోమ కుడుతుంది, జ్వరం మా ఊళ్లో బయటపడుతుంది. అక్కడి లెక్కలో ఆ పిల్ల ఉండదు. ఇక్కడ కేసు రాస్తే మా ఊళ్లో డెంగీ అని మందు కొట్టి పోతారు. డెంగీ కుట్టిన 4 నుంచి 10 రోజులకు బయటపడుతుంది కాబట్టి "గత రెండు వారాల్లో ఎక్కడున్నారు" అనే ప్రశ్న ఉండాలి. మా దగ్గర మలేరియా కూడా ఉంటుంది, ఎక్కడి నుంచి వచ్చారో తెలియకపోతే రెండూ కలగాపులగమే.

శివనగర్_అక్క
హాస్టళ్లే కాదు. అపార్టుమెంట్ వాచ్‌మెన్ కుటుంబాలు, కట్టే బిల్డింగుల దగ్గర గుడిసెల్లో ఉండే కూలీలు ఏ కాలనీ గ్రూపులో ఉన్నారు? నిలవ నీళ్లు ఎక్కువ ఉండేది ఆ బిల్డింగుల సంపుల్లోనే.

లండన్_ఓరుగల్లు
ఆస్ట్రేలియాలో ఫ్లూట్రాకింగ్ అని 2006 నుంచి నడుస్తోంది. ప్రతి సోమవారం సభ్యులకు మెయిల్ వస్తుంది. జ్వరమా, దగ్గా, పనికి పోలేదా అని అడుగుతారు, ఏమీ లేకపోయినా జవాబివ్వాలి. సిస్టర్ అడిగే "పనికి పోనిది ఎవరు" ప్రశ్న వాళ్ల ఫారంలో కూడా ఉంది! హంటర్ ప్రాంతంలోని ఆరోగ్య శాఖ వాళ్లు మొదలుపెట్టారు.

మిర్చియార్డు
మన హన్మకొండ హంటర్ రోడ్డు అనుకుని ఒక్క క్షణం గర్వపడ్డా 😄

లెక్కల_పంతులు
గట్టు గారూ, నా సలహా ఇది. ఫారం ఆపకండి, అందరూ నింపనివ్వండి. దానితో పాటు ప్రతి లైన్‌లో చీటీలు వేసి ఐదేసి ఇళ్లు తీయండి. కిరాయి ఇళ్లకు, వాచ్‌మెన్ గదికి, హాస్టల్‌కు కూడా చీటీ ఉండాలి. ఆ ఇళ్లను వానాకాలం అయ్యేదాకా మార్చొద్దు. వాళ్లకు ప్రతి వారం అదే రోజు ఫోన్ చేయాలి, ఎత్తకపోతే మనిషి వెళ్లాలి. మీటింగులో చూపించే గ్రాఫు ఈ ఇళ్లదే. పెద్ద ఫారం ఏ లైన్‌లో కొత్తగా మొదలైందో పసిగట్టడానికి, దవాఖాన అవసరమున్నవాళ్లను పట్టుకోవడానికి.

కేఎంసీ_జూనియర్
ఆ ఇళ్లకు పోయినప్పుడు లార్వా కూడా చూడండి. 100 ఇళ్లు చూస్తే ఎన్నింట్లో లార్వా ఉందో అది హౌస్ ఇండెక్స్. ఎవరి మాట మీదా ఆధారపడని లెక్క. కూలర్, ఫ్రిజ్ వెనక ట్రే, మనీప్లాంట్ సీసా, డాబా మీద పాత టైర్లు. ఫాగింగ్ ఎగిరే దోమలనే చంపుతుంది, నీళ్లలో ఉన్న పిల్లదోమలను ఏమీ చేయదు. కార్పొరేషన్‌ను అడిగేటప్పుడు పొగ ఒక్కటే అడగకండి.

శివనగర్_అక్క
పేర్లు తీసేయండి. ఫారంలో లైన్ నంబరు మాత్రమే ఉంచండి. దవాఖాన సాయం కావాలనుకున్నవాళ్లే ఫోన్ నంబరు ఇస్తారు, అది కూడా ఒక్కరికే కనపడాలి. అట్లయితే నేను నింపుతా, మా లైన్‌లో నింపిస్తా కూడా.

వడ్డేపల్లి_గట్టు
కొత్త ఫారం తయారుచేశా. మొదటి తెరలో రెండే బటన్లు: "గత 7 రోజుల్లో ఇంట్లో ఎవరికీ జ్వరం లేదు", "ఉంది". లేదని నొక్కితే అక్కడితో అయిపోతుంది. ఉందంటే ఎప్పుడు మొదలైంది, తగ్గిందా, తగ్గితే జూనియర్ గారు చెప్పిన లక్షణాలు, పనికీ బడికీ పోనివాళ్లు, రెండు వారాల్లో ఎక్కడున్నారు. పేరు లేదు. పాత గ్రాఫును గ్రూపులోంచి తీసేసి, దాని మీద నిర్ణయం తీసుకోవద్దని సంఘానికి రాసిచ్చా. అధ్యక్షుడికి కాస్త కోపం వచ్చింది, కానీ వెనక వీధి మూడిళ్లకు నాతో పాటు వచ్చారు. అందులో ఒక పాపకు జ్వరం నిన్నే దిగిందట, పొద్దున్నుంచి వాంతులు. వెంటనే దవాఖానకు పంపించాం.

చీటీలు వేసి ఇళ్లు తీశాం. ఫోన్లు నేను చేస్తా. ఎక్స్ ఇళ్లకు తిరగడానికి మనుషులు కావాలి. కట్టే బిల్డింగు దగ్గరి గుడిసెలకు ఎప్పుడు పోతే దొరుకుతారు సిస్టర్?

నర్సంపేట_సిస్టర్
పొద్దున ఏడు లోపు, లేదంటే చీకటి పడ్డాక. కూలీ పోగొట్టుకుని నీకు జవాబు చెప్పరు. ఉత్త చేతులతో పోవద్దు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, థర్మామీటర్ పట్టుకుపో. మీ ఏరియా ఆశ కార్యకర్తను తప్పకుండా వెంట తీసుకుపో. ఎవరికైనా బాగా లేకపోతే ఏ దవాఖానకు పంపాలో, పరీక్షకు రక్తం ఎక్కడ ఇవ్వాలో ఆమెకే తెలుసు. నీ లెక్క కూడా ప్రతి వారం ఆమెకివ్వు, పై రిపోర్టులోకి పోతుంది.

వడ్డేపల్లి_గట్టు
ఆశ అక్కతో మాట్లాడా, వస్తానన్నారు. మంగళవారం పొద్దున ఆరున్నరకు గుడి దగ్గర కలుద్దాం. చుట్టుపక్కల ఉన్నవాళ్లు ఎవరైనా వస్తామంటే కింద రాయండి.

మిర్చియార్డు
నేను వస్తా. ఓఆర్ఎస్ డబ్బా నా తరఫున.

కాజీపేట_షెడ్డు
నాకు నైట్ డ్యూటీ, ఆరున్నరకు దిగుతా. ఏడు చేయండి, బండి మీద నేరుగా వచ్చేస్తా.

వడ్డేపల్లి_గట్టు
ఏడైతే కూలీలు వెళ్లిపోతారు అన్నా. మేం ఆరున్నరకు గుడిసెల దగ్గర మొదలుపెడతాం, మీరు ఏడుకు రెండో లైన్‌లో కలవండి. అక్కడ ఎక్స్ ఇళ్లు ఎక్కువున్నాయి.